నాలుగో గడి

సూర్యారావు గడప దాటాలంటే ముందు గోడ సాకెట్టులోంచి ప్లగ్గు పీకాలి. ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసి రిటైరైన మనిషి. తన కళ్ళముందు లేని కరెంటును ఆయన నమ్మడు. కర్మాగారం కాలనీలోని ఈ సెక్టారు క్వార్టర్ల గోడల్లో వైర్లు ఎంత పాతవో ఆయనకి తెలుసు. అప్పయమ్మ మంచం పక్కనున్న సాకెట్టయితే ప్లగ్గు కాస్త కదిలినా చిటపటమంటుంది. అందుకే ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ పాటల పెట్టె గోడ కరెంటు మీద నడిచేది. ఆయన గుడికి బయల్దేరే వేళకి పవర్ బ్యాంకు మీదికి మారేది.

పాటల పెట్టె అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దాని సొంత బ్యాటరీ ముసలిదైపోయింది. వైరు తీసేస్తే పావుగంటకి మించి లాగదు. పాటలు మాత్రం పదకొండున్నాయి అందులో, అన్నీ అప్పయమ్మ పాడినవే. శుక్రవారాలు సెక్టారు ఆడవాళ్ళు చేరి చేసే భజనలో ముందుపాట ఆవిడది, వెనకపాట మిగతా అందరిదీ. కొడుకు సుభాష్ ఎప్పుడో సరదాకి ఫోనులో పట్టినవి. ఇప్పుడు ఆవిడకి గొంతు లేదు. పక్షవాతం కుడిపక్కనీ మాటనీ కలిపి తీసుకుపోయింది. ఎడమ చెయ్యి లేవదు గాని, దాని వేళ్ళు మాత్రం ఒక్కోసారి కదులుతాయి. తెలిసిన చప్పుళ్ళు చెవిన పడనివ్వమని, ఆ వేళ్ళు కదులుతున్నన్నాళ్ళూ మనిషి తిరిగి వస్తుందన్న ఆశ ఉందనీ డాక్టరు చెప్పాడు. సూర్యారావుకి ఆ మాట తారకమంత్రమయింది.

ఆ రోజు బాలాజీ గుళ్ళో ఆయన మొక్కుకున్న నలభై ఒక్క రోజుల్లో ఇరవై ఐదోది. రోజుకి నూట ఎనిమిది ప్రదక్షిణలు. స్నానం చేసి, పంచె కట్టుకుని, పాటల పెట్టె వైరు గోడనుంచి తీసి పవర్ బ్యాంకుకి గుచ్చాడు. బ్యాంకు బొత్తాం నొక్కితే నాలుగు నీలం చుక్కలూ వెలిగాయి. నాలుగూ వెలిగితే నిండా ఉన్నట్టు. పెట్టెలోంచి అప్పయమ్మ గొంతు లేచింది.

*అలసి వచ్చితినయ్య అప్పన్నా*
*మెట్టు ఎక్కలేనయ్య అప్పన్నా*

ఒక్కో పాదం అయ్యాక కాస్త ఖాళీ, ఆ ఖాళీలో పాతికమంది ఆడవాళ్ళ వెనకపాట, మళ్ళీ ఆవిడ.

మంచానికి అటుపక్క ఛాయ చెంచాతో రాగి జావ పడుతోంది. ఎడమ బుగ్గలోకి పోసి, గొంతు దిగేదాకా గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి చూసి, అప్పుడు రెండో చెంచా. ఛాయ ఊరవతలి ఉతై పల్లె నుంచి షేర్ ఆటోలో వస్తుంది. పేషంట్లకి మనుషుల్ని పంపే సేవా కేంద్రం వాళ్ళు పంపిన ఆయా. చిన్నప్పటినుంచీ ఈ సెక్టార్లలోని తెలుగిళ్ళలో పనిచేసిన మనిషి కనక తెలుగు వచ్చు, అదీ శ్రీకాకుళం తెలుగు. అప్పయమ్మని మాత్రం తన ఛత్తీస్‌గఢీలో దాయీ అంటుంది, అమ్మ అన్నట్టు.

"దీన్ని ముట్టుకోకు. సాకెట్టు జోలికి అసలే ఎల్లకు" అన్నాడు సూర్యారావు చెప్పులు తొడుక్కుంటూ. రోజూ చెప్పే మాటే. ఛాయ కూడా రోజూలాగే తలూపింది.

వెళ్ళేముందు పుస్తకం రాశాడు. కర్మాగారంలో షిఫ్టుకి షిఫ్టుకీ మధ్య లాగ్ బుక్కు రాసినట్టే ఇంట్లోనూ రాస్తున్నాడు. స్కేలు పెట్టి గీసిన నాలుగు గళ్ళు. వెళ్ళిన టైము, వచ్చిన టైము, పాట, వేళ్ళు.

ప్రదక్షిణలై, మందుల లైనులో నిలబడి, కూరలు కొనుక్కుని ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. గేటు తీస్తూనే చెవి రిక్కించాడు. పాట లేదు. లోపల ఛాయ తడిగుడ్డతో అప్పయమ్మ చెయ్యి తుడుస్తోంది. పవర్ బ్యాంకు బొత్తాం నొక్కాడు. మూడు చుక్కలు కళకళలాడుతూ వెలిగాయి. పెట్టె బొత్తాం నొక్కితే పాటా మొదలైంది. బ్యాంకులో కరెంటుంది, పెట్టె బాగుంది, పాట మాత్రం ఆగి ఉంది. పాటల పెట్టె పెట్టి పదకొండు రోజులు. మధ్యలో ఆదివారాలు రెండూ తీసేస్తే, ఇది తొమ్మిదోసారి.

దుప్పటి మీద అప్పయమ్మ ఎడమ చూపుడువేలు రెండుసార్లు లేచి పడింది. ఆగి, మళ్ళీ రెండుసార్లు. సూర్యారావు పుస్తకం తీసి మూడో గడిలో 'ఆగింది' అని, నాలుగో గడిలో 'అయినా కదిలాయి' అని రాశాడు. ఆవిడ వేలు పాట కోసం అలా తడుముకుంటోందనుకున్నాడు.

"ఏటి ఛాయా, మళ్ళీ ఆపీసేవా?"

"నేను ముట్టనేదు బాబూజీ. దానికదే ఆగిపోద్ది."

"దానికదే ఎలాగాగుతాది? మిషను అబద్ధం ఆడదమ్మా."

ఛాయ తడిగుడ్డ పిండి బాల్చీ అంచున ఆరేసింది. "మరి నేను ఆడతానా?" అంది తలెత్తకుండానే. బాల్చీ పక్కకి జరిపి, "ఒక్కరోజు గుడికి ఎల్లకండి బాబూజీ. ఇక్కడ కూకుని సూడండి" అంది.

మొక్కు మధ్యలో ఆపమని ఒక పనిమనిషి సలహా చెప్పడం ఆయనకి నచ్చలేదు. కానీ అన్యాయం చేయకూడదనుకున్నాడు. ఆ సాయంత్రం పద్ధతి ప్రకారం పరీక్ష పెట్టాడు. పవర్ బ్యాంకుకి తన ఫోను తగిలించాడు. రెండు గంటల్లో ఫోను నిండింది, ఎక్కడా ఆగలేదు. పాటల పెట్టెని గోడకి తగిలించాడు. నాలుగు గంటలు పాడింది, ఎక్కడా ఆగలేదు. కర్మాగారంలో కూడా అంతే, మోటారు ఆగితే మోటారు విడిగా, స్టార్టరు విడిగా, కేబులు విడిగా చూస్తారు. అన్నీ బాగున్నాయంటే ఇక మిగిలింది ఆ టైముకి డ్యూటీలో ఉన్న మనిషి. పుస్తకంలో వెనక్కి వెళ్ళి చూశాడు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కసారీ ఆగలేదు. సుభాష్ వచ్చి కూర్చున్న ఆదివారాలు ఆగలేదు. ఆగిందల్లా ఛాయ ఒక్కత్తీ ఉన్నప్పుడే.

పక్క క్వార్టరు నరసింగరావు క్రేను నడిపి రిటైరయ్యాడు. అరుగు మీద కూర్చుని పుస్తకం చూసి నవ్వాడు. "ఇందులో కనిపెట్టడానికేటుంది బావా? మన పాటలు ఆళ్ళకేం తెలుస్తాయి. సెవిలో జోరీగలాగుంటాది. ఆపీసి ఓ కునుకు తీస్తాది, నీ గేటు సప్పుడవగానే లేచి గుడ్డ పట్టుకుంటాది."

ఆ మాట సూర్యారావు మనసులో కూర్చుండిపోయింది. సుభాష్‌కి ఫోను చేస్తే, "మార్చేద్దాం నాన్నా, ఇంకో మనిషిని చూస్తాను" అన్నాడు. సూర్యారావే సేవా కేంద్రానికి ఫోను చేసి, పేషంటుని పట్టించుకోకుండా మిషను ఆపేసి పడుకుంటోందని చెప్పాడు. చెబుతున్నప్పుడు 'పడుకుంటోంది' అన్న మాట దగ్గర ఆయన నాలుక ఒక్క క్షణం తడబడింది. పడుకోవడం ఆయన చూడలేదు. కానీ అవతల అమ్మాయి అప్పటికే రాసుకుంటోంది.

మర్నాడు పొద్దున్న ఛాయ రాగానే విషయం చెప్పాడు. అరవలేదు. ఆయన ఎవరి మీదా అరిచే మనిషి కాదు. కేంద్రం వాళ్ళకి చెప్పానని, ఈ పూట నుంచే రానక్కర్లేదని నెమ్మదిగా అన్నాడు. ఛాయ విని సంచీ గుమ్మం పక్కన పెట్టింది. లోపలికి వెళ్ళి జావ కాచింది. అప్పయమ్మకి పట్టింది, మూతి తుడిచింది, వీపుకి పౌడరు రాసి ఎడమపక్కకి తిప్పి, మోకాళ్ళ మధ్య చిన్న దిండు పెట్టింది. పాటల పెట్టె గోడ కరెంటు మీద పాడుతూనే ఉంది. చెంచా కడిగి, గిన్నె మీద బోర్లించి, అప్పయమ్మ పాదాలు ముట్టి కళ్ళకద్దుకుని బయటికొచ్చింది.

"పన్నెండుకి ఇటు తిప్పాలి బాబూజీ. మర్చిపోతే నడుం దగ్గర పుండు పడతాది" అంది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు కూడా ఆయన గుడికి వెళ్ళాడు.

కొత్త మనిషి దొరికేదాకా నరసింగరావు భార్య భాగ్యరేఖ పొద్దుటిపూట వచ్చి కూర్చుంటానంది. మొదటి మూడు రోజులూ సుభాష్ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు కనక ఆవిడ అవసరం పడలేదు, ప్లగ్గు పీకే అవసరమూ పడలేదు. సూర్యారావు గుడినుంచి వచ్చేసరికి గోడ కరెంటు మీద పాట నడుస్తూనే ఉండేది. అమ్మయ్య అనుకుని పుస్తకంలో 'నడుస్తోంది' అని రాసేవాడు. నాలుగో గడిలో రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఇవాళ కాకపోతే రేపు అనుకునేవాడు. ఛాయ వెళ్ళాక నాలుగో రోజు సుభాష్ డ్యూటీకి వెళ్ళాడు. భాగ్యరేఖ తోటకూర కట్ట పట్టుకుని మంచం పక్కన చేరింది. సూర్యారావు వైరు పవర్ బ్యాంకుకి మార్చి, చుక్కలు నాలుగూ చూసుకుని వెళ్ళాడు.

తిరిగొచ్చి గేటు తీసేసరికి నిశ్శబ్దం. భాగ్యరేఖ కాడల ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది.

"ఏటి చెల్లెమ్మా, పాట ఆపీసేవు?"

"నేనేల ఆపుతాను అన్నయ్యా? అదే ఆగిపోనాది. రోజూ ఆగీదే కదా."

సూర్యారావు చేతిలో కూరల సంచీ అలాగే ఉండిపోయింది. "రోజూ ఆగీదని నీకెలా తెలుసు?"

"మా వంటింటి గోడా ఈ గోడా ఒకటే కదేటి. పదకొండు దాటేసరికి వదిన పాట ఆగిపోయీది. ఎంటనే ఆ ఛాయ అందుకునీది." భాగ్యరేఖ చిన్నగా నవ్వింది. "అలసి వచ్చితినయ్య అని మొదలెట్టి ఒకటే లగెత్తడం. ఎనకపాటకి చోటొదల్దు, ఎవలో తరుముకొస్తన్నట్టు. పప్పు తాలింపేసుకుంటూ నవ్వుకునీదాన్ని. శుక్రవారం భజనలో నేనలాగ తొందరపడితే వదిన ఊరుకునీదా? ఇలాగ కొట్టీది." ఆవిడ చూపుడువేలితో స్టూలు మీద రెండు దెబ్బలు కొట్టింది. "ఆగండి అన్నట్టు. నీకు తెలుసనే అనుకున్నాను అన్నయ్యా. నువ్వే పాడమన్నావనుకున్నాను."

ఆయన కూరల సంచీ కింద పెట్టాడు. భాగ్యరేఖ వెళ్ళాక, పంచె మార్చుకోకుండానే, పవర్ బ్యాంకు బొత్తాం నొక్కి, పెట్టె నడిపించి, చేతి గడియారం విప్పి స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఛాయ కూర్చోమన్న చోటే, మంచానికి అటుపక్క.

మొదటి పాట అయింది, రెండోదయింది. అరగంట దాటాక బ్యాంకు మీద నీలం చుక్కలు నాలుగూ ఒక్కసారి ఆరిపోయాయి. పాట మాత్రం నడుస్తోంది, పెట్టెలోని ముసలి బ్యాటరీ మీద. ఇంకో పదమూడు నిమిషాలకి, మెట్టు ఎక్కలేనయ్య అన్న దగ్గర, పాదం మధ్యలో తెగిపోయింది. ఆయన లేచి మీటరు తెచ్చి, వైరు మధ్యలో కలిపి మళ్ళీ మొదటినుంచీ చూశాడు. మీటరు ముల్లు మొదట కొంచెం పైకి లేచింది. పెట్టె బ్యాటరీ నిండేకొద్దీ కిందికి దిగింది, దిగి దిగి సున్నా పక్కకి చేరింది. చుక్కలు ఆరిపోయాయి.

అప్పుడు అర్థమైంది. ఫోను పెద్ద ప్రాణి, గబగబా తాగుతుంది. ఈ చిన్న పెట్టె చుక్క చుక్కగా తాగుతుంది. అంత కొంచెం తాగుతుంటే అవతల ఎవరూ లేరనుకుని పవర్ బ్యాంకు తనంతట తానే కట్టేసుకుంటోంది. కర్మాగారం పంప్‌హౌసులో నీళ్ళు లేని పంపు ఊరికే తిరక్కుండా ఆపే రిలేలు ఇలాగే పనిచేస్తాయి. అలాంటివి తన చేతులతో ఎన్ని బిగించాడో లెక్కలేదు. విడివిడిగా చూసినప్పుడు రెండూ బాగున్నాయి. రెండిటినీ కలిపి, పక్కన కూర్చుని, ఒక్క గంట చూడలేదు. చూడమన్న మనిషిని పంపేశాడు.

పుస్తకంలో ఆ రోజు మూడో గడిలో 'బ్యాంకు కట్టేసుకుంది' అని రాశాడు. పన్నెండుకి తిప్పాలన్నది గుర్తొచ్చి చూస్తే రెండు దాటింది.

సాయంత్రం సుపేలా బజారుకి వెళ్ళి వేలెడంత దీపం కొన్నాడు, పవర్ బ్యాంకుకే నేరుగా గుచ్చుకునేది. బ్యాంకుకి రెండు రంధ్రాలున్నాయి. ఒకదానికి పాట, రెండోదానికి దీపం. దీపం తాగుతున్నంతసేపూ బ్యాంకు మెలకువగా ఉంటుంది. దీపం మెడ వంచి గోడ మీది అప్పన్న పటం వైపు తిప్పాడు. మర్నాడు ఆయన గుడికి వెళ్ళి వచ్చినా పాట ఆగలేదు. ఆ మర్నాడూ ఆగలేదు. పదకొండు పాటలూ అయ్యి మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ అయ్యి, అలా తిరుగుతూనే ఉన్నాయి, తను గుడి చుట్టూ తిరిగినట్టే. అప్పయమ్మ చెయ్యి దుప్పటి మీద ఎక్కడ పెడితే అక్కడే ఉంది.

ఛాయ దగ్గరికి వెళ్ళాలని ఆయనకి తెలుసు. మొక్కు తీరాక వెళదామని ఒకసారి, కొత్త మనిషి వచ్చాక వెళదామని ఒకసారి అనుకున్నాడు. ప్రదక్షిణలు చేస్తూ తులసి పూసలు జరుపుతుంటే అరవై దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ మొదలెడితే మళ్ళీ అక్కడే తప్పింది. గర్భగుడి ముందు నిలబడి చేతులు జోడించాడు గాని కళ్ళెత్తి మూర్తిని చూడలేకపోయాడు. తను ఇక్కడ ఇన్నిసార్లు తిరుగుతున్నది దేవుడు అడిగాడా, లేక తన భయం అడిగిందా అన్న ప్రశ్న మొదటిసారి వచ్చింది. తప్పు ఆలోచన అనుకుని చెంపలు వేసుకున్నాడు. కానీ ప్రశ్న పోలేదు.

ముప్పై రెండో రోజు అప్పయమ్మకి జ్వరం తగిలింది. సుభాష్ డాక్టరుని వెంటబెట్టుకొచ్చాడు. డాక్టరు కంట్లో లైటు వేసి చూశాడు. ఎడమ అరచేతిని పెన్నుతో గీరాడు. వేళ్ళని ఒక్కొక్కటీ నొక్కాడు. చెయ్యి ఏమీ జవాబివ్వలేదు. లోపల మళ్ళీ చిన్న దెబ్బ తగిలి ఉండొచ్చని, ఎప్పుడన్నది చెప్పలేననీ అన్నాడు.

"ఈ వేళ్ళు ఆఖరిసారి ఎప్పుడు కదిలాయండీ?"

"రాసేను డాక్టరు గారూ" అన్నాడు సూర్యారావు. ఆ మాట అనడంలో ఆయనకి కొంచెం ధైర్యం ఉంది. పుస్తకం తెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, నాలుగో గడి మీద వేలు పెట్టి కిందనుంచి పైకి వచ్చాడు. ఖాళీ. ఖాళీ. ఖాళీ. ఏడు రోజులు పైకి వెళ్ళాక మొదటి రాత కనబడింది. ఇరవై ఐదో రోజు, 'అయినా కదిలాయి'. దాని పైన ఇంకొకటి, 'రెండేసిసార్లు'. వేలు మూడో గడి వైపు జరిగింది. 'ఆగింది' అని ఉన్న తొమ్మిదిచోట్లా పక్కన నాలుగో గడిలో రాత ఉంది. 'నడుస్తోంది' అని ఉన్న ఒక్కచోటా పక్కన రాత లేదు.

ఇన్నాళ్ళూ ఆ పుస్తకంలో ఆయన చూసింది మూడో గడే.

భాగ్యరేఖ స్టూలు మీద కొట్టిన రెండు దెబ్బలు చెవిలో వినబడ్డాయి. తప్పు లేని పాటకి అప్పయమ్మ చెప్పడానికేముంది? పెట్టెలో ఉన్నది ఆవిడ గొంతే, ఆవిడ తాళమే, అందులో దిద్దడానికి ఏమీ లేదు. వెనకపాటకి చోటు వదలకుండా పరుగెత్తే ఆ ఉతై మనిషి పాట విన్నప్పుడే, ఆగవే అన్నట్టు, ఆవిడ వేలు లేచింది. పాట కోసం తడుముకోవడం కాదది. పాట నేర్పడం.

"నాన్నా?" అన్నాడు సుభాష్.

"వారం రోజులయింది" అన్నాడు సూర్యారావు డాక్టరుతో.

ఆ మధ్యాహ్నమే సుభాష్‌ని తల్లి దగ్గర కూర్చోబెట్టి, పుస్తకం గుడ్డ సంచీలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాడు. ఉతైలో రెండుచోట్ల అడిగితే ఇల్లు చూపించారు. పేడతో అలికిన వాకిట్లో ఛాయ చేటతో ధాన్యం చెరుగుతోంది. కోతల రోజులు, కూలి దొరికినట్టుంది. ఆయన్ని చూసి చేట కింద పెట్టి, చీర చెంగుతో ముఖం తుడుచుకుని మంచం వాల్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"దాయీ ఎలాగుంది? ఎడంపక్కకి తిప్పుతున్నారా?" అని అడిగింది ముందు.

జ్వరం సంగతి చెప్పాడు. చెయ్యి సంగతి చెప్పాడు. నీళ్ళ చెంబు చేతిలో పట్టుకుని, తాగకుండా, "నేను కూకుని చూశాను ఛాయా. నువ్వు చెప్పిందే నిజం. అది దానికదే ఆగిపోతంది" అన్నాడు.

ఛాయ చేట దగ్గరికి లాక్కుంది. ఒక గింజ తీసి గోటితో వలిచి చూసి పారేసింది.

"నువ్వు పాడతావని ఒక్కసారయినా ఎందుకు చెప్పలేదు?"

"మీరు పాట గురించి అడగనేదు బాబూజీ. మిషను గురించి అడిగేరు." ఆ మాటలో కోపం లేదు. అది ఉంటే ఆయనకి సులువుగా ఉండేది. "మీరొస్తే సిగ్గేసి ఆపీసేదాన్ని. మీ దేవుడి పాట, నాకు సరిగా రాదు. నేను తప్పు పాడితే దాయీ వేలితో కొట్టీది. దాయీ కొడతాదనే పాడేదాన్ని."

కొడుతుందని ఛాయకి తెలుసు. దాన్ని ఏ పుస్తకంలోనూ రాసుకోకుండానే తెలుసు.

కేంద్రం వాళ్ళు ఏమన్నారని అడిగాడు. జాబితాలో తన పేరు కొట్టేసి ఎదురుగా రాసేశారని చెప్పింది, పేషంటుని వదిలి పడుకుంటుందని. దొంగతనం చేసిందన్నా ఎవరో ఒకరు పనిస్తారట గాని, మంచంలో ఉన్న మనిషిని వదిలేస్తుందంటే ఎవరూ గడప ఎక్కనివ్వరట. పదిహేనేళ్ళుగా ఈ పనే చేస్తోంది. ఇది తప్ప ఇంకోటి రాదు. చెరగడం కూడా సరిగా రాదని ఇందాకే వాళ్ళ ఆడబిడ్డ తిట్టిందని చెప్పి కాస్త నవ్వింది.

"ఇప్పుడే ఎల్తాను. ఆళ్ళకి రాసిస్తాను" అన్నాడు.

వెళ్ళాడు కూడా. బల్ల వెనకున్న అమ్మాయి పేరు మణిమాల. ఆయన హిందీలో ఒక పేజీ రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేసి ఇస్తే ఆవిడ మర్యాదగా తీసుకుంది. మేడమ్‌కి చూపిస్తానంది. పేరు మళ్ళీ ఎక్కుతుందా అని అడిగితే, ఒకసారి కంప్లయింటు వచ్చాక కష్టమే అంకుల్ అంది. ఫోనులో మీరే చెప్పారు కదా అనలేదు. అన్నట్టే చూసింది. ఫోను చేసిన రోజు ఆయన మాటకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఈ కాగితానికి ఎన్ని రోజులు పడుతుందో ఆవిడ చెప్పలేకపోయింది.

మర్నాడు పొద్దున్న ఛాయ వచ్చింది. ఉతైలో ఆయన లేచి వస్తుంటే, రేపొకసారి వస్తానని, పనికి కాదు, దాయీని చూడ్డానికని తనే అంది. సూర్యారావు ఆ రోజు గుడికి బయల్దేరలేదు. ముప్పై రెండో రోజుతో ప్రదక్షిణలు ఆగిపోయాయి. స్వామికి ఇంట్లోంచే దణ్ణం పెట్టుకుని, తప్పయితే నాకు రాయి, ఆవిడకి కాదు అనుకున్నాడు.

ఛాయ ముందు నడుం చూసింది. ఎముక మీద చర్మం ఎర్రగా కంది ఉంది. పౌడరు రాసి, తిప్పి, మోకాళ్ళ మధ్య చిన్న దిండు పెట్టింది. సూర్యారావు పవర్ బ్యాంకు నుంచి పాట వైరు లాగేశాడు. దీపం మాత్రం పటం వైపు వెలుగుతూ ఉండిపోయింది. ముసలి బ్యాటరీ మీద కాసేపు నడిచి పాట తనంతట తానే ఆగిపోయింది.

ఆగాక ఛాయ ఆయన వైపు చూసింది. సిగ్గు పడుతోందని గ్రహించి ఆయన లేచి, పుస్తకమూ స్కేలూ పట్టుకుని గుమ్మం అవతల, తలుపు వారగా కుర్చీ వేసుకున్నాడు. అక్కడినుంచి మంచం మీది చెయ్యి కనబడుతుంది.

*అలసి వచ్చితినయ్య అప్పన్నా, మెట్టు ఎక్కలేనయ్య అప్పన్నా...*

గొంతు బొంగురు. మాటలు అక్కడక్కడ వంకర. పాదం పూర్తవగానే ఊపిరైనా తీసుకోకుండా రెండో పాదంలోకి దూకేసింది, పాతికమంది ఆడవాళ్ళు నిలబడాల్సిన ఖాళీని ఒక్క అంగలో దాటేసి. ఆయనకి పాట అంతగా తెలియదు, అయినా తప్పు తెలిసింది. ఇద్దరూ చెయ్యి వైపు చూశారు. దుప్పటి కదల్లేదు.

ఛాయ ఆగలేదు. ఇంకా తొందరగా, ఇంకా తప్పుగా, కావాలనే తప్పుగా పాడింది. పక్క వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గోడ అవతల భాగ్యరేఖ వింటున్నట్టుంది.

సూర్యారావు పుస్తకం తెరిచాడు. లాగ్ బుక్కులో తప్పు పడితే చెరపకూడదు, పేజీ చింపకూడదు. పాత రాత కనబడేలా ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. తప్పు ఎవరిదో వెనక వచ్చేవాళ్ళకి తెలియాలి. తొమ్మిది పేజీలు తిప్పాడు. తొమ్మిదిచోట్ల 'ఆగింది' మీద స్కేలు పెట్టి గీత గీసి, 'ఛాయ పాడింది' అని రాసి, ఒక్కోదానికీ ఒక్కో సంతకం పెట్టాడు. ఆమె వెళ్ళిపోయాక ఉన్న పేజీల్లో నాలుగో గడి ఖాళీగా ఉంది. ఖాళీ మీద గీయడానికి ఏమీ లేదు. వాటిని అలాగే వదిలి ఇవాళ్టి పేజీకి వచ్చాడు.

వెళ్ళిన టైము అన్నచోట అడ్డగీత. వచ్చిన టైము అన్నచోట అడ్డగీత. పాట అన్నచోట, 'ఛాయ పాడుతోంది'.

తర్వాత కలం నాలుగో గడి మీదికి తెచ్చి, కాగితానికి ఆనించకుండా ఆపి, తలుపు సందులోంచి ఆ చెయ్యి వైపు చూస్తూ కూర్చున్నాడు. లోపల పాట చివరికొచ్చింది. ఛాయ ఒక్కసారి గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి అందుకుంది, ఎక్కడా చోటు వదలకుండా.